చెన్నైలో వానలు పట్టుకోకముందే లేత్‌కీ బాయిలర్‌కీ తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దీపావళి అయ్యాక చూద్దాంలే అనుకుంటే మాత్రం ఆలస్యమైపోతుందండి. మనవైపు జూన్‌లో తొలకరి పడితే వానాకాలం అనుకుంటాం గానీ ఇక్కడ చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఏడాదంతా పడే వానలో సగం పైన ఆ మూడు నెలల్లోనే కురిసేస్తుంది. అందుకని ఇంట్లో చిన్న లేత్, అంటే ఇనుముని తిప్పుతూ చెక్కే మిషన్, పెట్టుకున్నవాళ్ళు, చిన్న బాయిలర్‌తో నడిచే ఆవిరి ఇంజన్ మోడల్స్ చేసుకునేవాళ్ళు సెప్టెంబరు ఆఖర్లో రెండు ఆదివారాలు వేరే ఏ పనీ పెట్టుకోకుండా దీనికే ఉంచుకోండి.

నాది వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్. కారు పెట్టుకునే చోట షట్టర్ వేయించి అందులో లేత్, బెంచ్ డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్ సర్దుకున్నా. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వచ్చింది గుర్తుంది కదా, తీరం దాటింది మన బాపట్ల దగ్గరే గానీ దాటేలోపు చెన్నైని ముంచేసి పోయింది, షట్టర్ కింద నుంచి నీళ్ళు దూరి లోపల మోకాలి దాకా నిలిచాయి. అయినా ఆ వరదకి నాకు పోయింది ఒక గ్రైండరూ, రెండు డబ్బాల స్క్రూలూ. అంతకు ముందు ఏడాది ఒక్క చుక్క నీళ్ళు లోపలికి రాకుండానే అంతకంటే ఎక్కువ పాడైంది.

ఆ ఏడాది ఏం జరిగిందంటే, రాగి బాయిలర్‌కి సిల్వర్ సోల్డర్‌తో, అంటే వెండి కలిసిన కడ్డీ కరిగించి, అతుకులు వేశాక రాగి మీద మిగిలిన ఫ్లక్సు (అతుకు పట్టడానికి పూసే మందు), నలుపు పోవడానికి యాసిడ్‌లో నానబెడతాం కదా, ఆ యాసిడ్ సీసా మూత సరిగ్గా బిగించకుండా లేత్ కింద అరలో పెట్టి, వాన పడుతోందని షట్టర్ దించేసి ఊరెళ్ళిపోయా. నాలుగో రోజు వచ్చి చూస్తే లేత్‌లో పని ముక్కని పట్టుకునే చక్ జాలు, దానికి ఎదురు చివర ఉండే టెయిల్‌స్టాక్ బ్యారెల్, డయల్ గేజ్ స్టాండు, అన్నిటి మీదా కుంకుమ చల్లినట్టు సన్నటి ఎర్ర పొడి. వేలితో తుడిస్తే వచ్చేసింది గానీ కింద చిన్న చిన్న గుంటలు పడ్డాయి, చక్ జాల మీద ఇప్పటికీ గోరు పెట్టి గీస్తే తగులుతాయి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పొగ మూసిన గదిలో చేరితే ఇనుముని వదలదండి, ఆ గదికి తడి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఇదే, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ ఇలా రాగి నానబెట్టే పిక్లింగ్ యాసిడ్ గానీ బ్లీచింగ్ పౌడర్ గానీ లేత్ ఉన్న గదిలో ఉండకూడదు. నేను ఇప్పుడు పిక్లింగ్‌కి సిట్రిక్ యాసిడే వాడుతున్నా, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని దొరికేదే. టైమ్ ఎక్కువ పడుతుంది, గోరువెచ్చటి నీళ్ళలో కలిపితే కాస్త తొందరగా అవుతుంది, ఆ పొగ గొడవ మాత్రం లేదు.

ఇక చెమ్మ సంగతి. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే తుప్పు జోరందుకుంటుంది, ఇక్కడ ముసురు పట్టినప్పుడు 80, 90 మామూలే, పైగా సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. లేత్ బెడ్ అంటే పోత ఇనుము దిమ్మ, రాత్రి చల్లబడితే పొద్దున అంత తొందరగా వేడెక్కదు, మనం లేవగానే గాలి ఆడనిద్దామని షట్టర్ ఎత్తుతాం, బయటి వెచ్చటి తడిగాలి వచ్చి దానికి తగిలిందంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. వాన రోజుల్లో పొద్దున్నే తీయకండి, మధ్యాహ్నానికి మిషన్ కూడా వెచ్చబడ్డాక తీయండి.

నూనె పూయడంలో చాలామంది చేసే పొరపాటు ఏంటంటే డబ్ల్యూడీ-40 కొట్టేసి అయిపోయిందనుకోవడం. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీళ్ళని తోసేసేది అని, తడిసినదాన్ని ఆరబెట్టడానికి చాలా మంచిది, కానీ ఆ మామూలు స్ప్రే వదిలే పొర పల్చన, మూడు నెలల చెమ్మకి దాని మీద భారం వెయ్యొద్దు. దాని పైన లేత్ బెడ్ మీద భాగాలు జారడానికి వాడే 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ పూయండి, జిగురుగా పట్టుకుని ఉంటుంది, వానలయ్యేదాకా ముట్టుకోని చక్‌లు, ఫేస్‌ప్లేట్ లాంటివాటికైతే గ్రీజే. పూసే ముందు పాలలాగా ఉండే నీళ్ళ కటింగ్ ఆయిల్ ఎక్కడెక్కడ దాక్కుందో వెతకండి. టెయిల్‌స్టాక్ చివరికి జరిపి దాని కింద, కటింగ్ టూల్‌ని మోసే క్యారేజ్ జరిపి దాని కింద, చక్ విప్పి అది బిగించే స్పిండిల్ ముక్కు చుట్టూ చూడండి, తుప్పు గీతలు పడేది సరిగ్గా ఇక్కడే. ట్యాంకులో ఉన్నది కూడా పారబోసి ఆరబెట్టేయండి, మూడు నెలలు నిలవుంటే కుళ్ళిన వాసన వస్తుంది. తుడిచే బనియన్ వేస్ట్ కొత్తది తీసుకోండి, పాతదాంట్లో ఇనప రజను ఉంటుంది, బెడ్ మీద గీతలు పడతాయి. పూశాక ఉత్త చేత్తో ముట్టుకోకండి, మన చెమటలో ఉప్పుంటుంది, రెండు రోజుల్లో వేలిముద్ర తుప్పు రంగులో కనబడుతుంది.

ప్లాస్టిక్ షీట్ కప్పి చుట్టూ తాడుతో బిగించి కట్టకండి, తడి లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి కప్పండి చాలు, స్లాబ్ కారుతుందనే భయం ఉంటే షీట్‌ని పైన పందిరిలాగా కట్టి పక్కలు వదిలేయండి.

మైక్రోమీటర్లు, వెర్నియర్లు ఒక మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, రంగు మారిందంటే తేమ తాగేసిందని, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు, వంటకి వాడే గిన్నెలో మాత్రం వద్దు. మైక్రోమీటర్ మూతులు రెండూ ఆనించి పెట్టొద్దు, కాస్త సందు వదలండి. టూల్ పెట్టెలో నాలుగు కర్పూరం బిళ్ళలు వేసే పాత అలవాటు ఉంది, నేనూ వేస్తా, కానీ అదొక్కటే నమ్ముకోను.

ఇప్పుడు బాయిలర్. వానలకి బయట తిరగలేం కాబట్టి మనలో చాలామంది మోడల్ పూర్తిచేసి ఆవిరి పెట్టేది ఈ నెలల్లోనే, అదీ తలుపులు మూసిన గదిలో. నాకు అన్నిటికంటే భయం ఇదే. స్పిరిట్ బర్నర్ అయినా గ్యాస్ అయినా మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పోగవుతుంది, దానికి వాసన ఉండదు, తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలయ్యేసరికే మనిషికి లేచి తలుపు తీసే ఓపిక పోతుంది. సిల్వర్ సోల్డరింగ్ కూడా అంతే, మార్కెట్లో తక్కువ రేటుకి దొరికే కొన్ని సిల్వర్ సోల్డర్ కడ్డీల్లో కాడ్మియం ఉంటుంది, ఎక్కువ వేడి తగిలితే వచ్చే పొగ ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది, కాడ్మియం లేనిదే కావాలని అడిగి కొనండి. వాన జల్లు లోపలికి కొట్టినా పర్లేదు, రెండు వైపులా గాలి ఆడేలా తెరిచి పెట్టుకోండి, కుదరకపోతే ఆ రోజు పని మానేయండి. స్పిరిట్ మంట వెలుతురులో సరిగ్గా కనబడదు కాబట్టి బర్నర్ ఆరిపోయిందనుకుని మళ్ళీ స్పిరిట్ పోయడం అసలు చెయ్యొద్దు.

ఆవిరి పెట్టే ముందు నీళ్ళతో ప్రెజర్ టెస్ట్ చెయ్యండి, సెప్టెంబరులోనే. మీ బాయిలర్ నడిచేది 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ప్రెజర్ కొలిచే లెక్క) దగ్గర అనుకుందాం, కొత్తదైతే 120 దాకా, అంటే రెట్టింపు ఎక్కించాలి, ఇంతకు ముందు పాసైనదే అయితే ఏడాదికోసారి ఒకటిన్నర రెట్లు, 90. చేతి పంపుతో మెల్లగా ఎక్కించి అరగంట ఉంచి ప్రెజర్ గేజ్ ముల్లు దిగుతోందా, పలకగా ఉన్నచోట్ల ఉబ్బుతోందా చూడాలి. పంప్ పెట్టే ముందు లోపల గాలి బుడగ లేకుండా నీళ్ళు పూర్తిగా నింపాలి. కంప్రెసర్ గాలితో టెస్ట్ చేద్దాం, తొందరగా అయిపోతుంది అంటారు కొందరు, దయచేసి చెయ్యకండి. నీళ్ళు నొక్కితే నొక్కబడవు, అతుకు ఊడినా చిమ్మి ఊరుకుంటుంది, గాలి స్ప్రింగులాగా నొక్కుకుని ఉంటుంది, పగిలితే రాగి ముక్కలు మొహం మీదికి ఎగురుతాయి.

సీసం సోల్డర్‌తో అతికిన బాయిలర్ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని అలంకారానికి ఉంచుకోండి. 60 పీఎస్ఐ దగ్గర ఆవిరి వేడి 150 డిగ్రీల పైమాటే, ఆ సోల్డర్ 183 దగ్గర కరగడం మొదలెడుతుంది, నీళ్ళు కాస్త తగ్గి రేకు ఎండిందంటే ఆ మిగిలిన ముప్పై డిగ్రీలు దాటడం ఎంతసేపు. బాయిలర్‌కి వేసే బుష్‌లు, అంటే వాల్వ్‌లూ గొట్టాలూ బిగించే మరల రింగులు, కూడా గన్‌మెటల్‌వే (ఒక రకం కంచు) వెయ్యండి, ఇత్తడి వేడి నీళ్ళలో నానగా నానగా అందులో జింకు కరిగిపోయి గుల్లవుతుంది, పైకి బాగానే కనబడుతుంది, మరలు మాత్రం పిండిలా రాలతాయి.

పెరంబూరు లోకో వర్క్స్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన నెల్లూరు పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉంటారు, 1855 నాటి ఈఐఆర్-21 ఇంజన్‌ని 2010లో మళ్ళీ పట్టాల మీద నడిచేలా బాగుచేసింది ఆ వర్క్స్‌లోనే. నా మోడల్ చూడ్డానికి వచ్చి ఆయన మొట్టమొదట చూసింది ఇంజన్ కాదు, గేజ్ గ్లాసు, అదే బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టం. "అబ్బాయ్, గ్లాసులో నీళ్ళు కనబడితే సరిపోదు, కిందకి వదిలి చూడు, మళ్ళీ టక్కున పైకెక్కితేనే నమ్ము" అన్నారు. వదిలి చూస్తే నిజంగానే ఎక్కలేదు, అంత సన్నటి గొట్టంలో ఒక బుడగ ఇరుక్కుని నీళ్ళని సగంలో ఆపేసింది, అసలు మట్టం ఎక్కడో కిందుంది. అప్పటినుంచి నిప్పు పెట్టిన ప్రతిసారీ ముందు గ్లాసు వదిలి చూడకుండా ముట్టించట్లేదు. సేఫ్టీ వాల్వ్ కూడా ఏడాది పొడుగునా అలాగే కూర్చుని ఉంటే బంతి సీటుకి అతుక్కుపోతుంది, విప్పి తుడిచి, ఫుల్ మంట మీద వదిలితే ముల్లు నడిచే ప్రెజర్ కంటే పదిశాతం మించి ఎక్కకుండా ఆపుతోందా చూడండి.

నడిపాక బాయిలర్ ఇంకా వెచ్చగా, ప్రెజర్ కాస్త మిగిలి ఉండగానే నీళ్ళన్నీ వదిలేసి వాల్వ్‌లు తెరిచే ఉంచండి, ఆ వేడికే ఆరిపోతుంది. సిలిండర్‌లో మిగిలిన నీళ్ళే పిస్టన్‌ని పట్టేసేది, స్టీమ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి ఫ్లైవీల్ చేత్తో పది చుట్లు తిప్పండి. సిలిండర్‌కి నూనె అందించే లూబ్రికేటర్‌లో అడుగున చేరిన నీళ్ళు కూడా తీసేయండి. బోరు నీళ్ళు మాత్రం బాయిలర్‌లో పొయ్యొద్దు, మా ఏరియాలో కుండలకే తెల్లటి పెచ్చు కడుతుంది.

రెడ్ అలర్ట్ వచ్చిందంటే ముందు మోటార్లు, కంట్రోల్ బోర్డు పైకెక్కించండి. మినీ లేత్ ఇద్దరు కలిసి ఎత్తొచ్చు, ఎత్తేటప్పుడు లీడ్ స్క్రూ, మోటారు పట్టుకోకుండా బెడ్ కింద పట్టుకోండి. పెద్ద లేత్ ఉన్నవాళ్ళు మోటారు విప్పి పైకి తీసుకెళ్ళండి, విప్పడం రెండు ఆదివారాల్లో ఒకసారి ప్రాక్టీస్ చేసుంటే ఆ రోజు చేతులు వణకవు. మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్ ఉంటే కరెంటు తీశాక కూడా పది నిమిషాలు ఆగండి, లోపల కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. ఈబీ వాళ్ళు కరెంటు తీసేశారు కదా అని తడి నేల మీద ప్లగ్‌లో చెయ్యి పెట్టకండి, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైను బతికే ఉంటుంది, అదీ ఆపేయండి. కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరగకుండా స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, కరెంటు పోగానే దానంతటదే ఆఫ్ అయిపోయే నో-వోల్ట్ స్విచ్ ఉంటే ఇంకా మంచిది. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ ఆర్సీసీబీ లేని షెడ్‌లో తడి కాళ్ళతో పని చెయ్యకండి, ఉన్నవాళ్ళు టెస్ట్ బటన్ ఇప్పుడే నొక్కి చూడండి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మోటారు మునిగిందనుకోండి, ఆరినట్టే ఉందిలే అని స్విచ్ మాత్రం వెయ్యకండి, మా గ్రైండర్ పోయింది అలాగే, నీళ్ళు తీసిన మర్నాడు ఆత్రంగా నేనే వేశా, ఒక్క మూలుగు మూలిగి వైండింగ్ కాలిన వాసన వచ్చింది. విప్పి మంచినీళ్ళతో బురద కడిగి, ఎండలో గానీ పాతకాలం ఫిలమెంట్ బల్బు పక్కన గానీ మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, బేరింగులు మార్చి, వైండింగ్ షాపులో ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. కంట్రోల్ బోర్డు వైర్లు ముందే పీకేయండి, మెగ్గర్ వోల్టేజికి బోర్డు పోతుంది. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఇంకో రెండు రోజులు ఎండబెట్టి మళ్ళీ తీసుకెళ్ళండి.