నినాదాన్ని విప్పి చదవడం ఎలా?

తిరుపతిలో ‘శ్రీబాగ్ ఒప్పందం అమలు చేయాలి’ అని నలుగురు విద్యార్థులు ఒకే గొంతుతో నినదించినా, ఆ నలుగురూ కోరేది ఒకటే కాకపోవచ్చు. అది కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న ఒప్పందం. ఒకరి మనసులో కృష్ణా జలాలు, మరొకరి మనసులో కర్నూలు హైకోర్టు, ఇంకొకరి మనసులో రాజధాని ఉండవచ్చు. ఇంతమాత్రాన ‘ఈ పిల్లలకు ఏమీ తెలియదు’ అని పెద్దలు కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. నాలుగు మాటల్లో అంత విషయం ఇమడదు, కాబట్టి దాన్ని విప్పి చూసుకోవాలి.

చర్చ మొదలుపెట్టక ముందే ప్రతి ఒక్కరూ విడిగా కూర్చుని, ఎవరు ఎవరిని ఏం చేయమంటున్నారో తెలిసేలా ఆ నినాదాన్ని ఒక పూర్తి వాక్యంగా కాగితం మీద రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. మొదట మాట్లాడినవారి వెంట మిగిలినవారు నడిచే అలవాటు మనలో బలంగా ఉంది.

తరువాత మూలాన్ని చదవాలి. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన ఆ ఒప్పందం రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదని, ఏది కావాలో ఎంచుకునే అవకాశం రాయలసీమకు ఇవ్వాలని చెప్పింది. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో పదేళ్లు లేదా అవసరమైతే అంతకుమించి రాయలసీమతో పాటు నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలని అంది. ‘సీమ’ అని మాత్రమే నినదించేవారు ఈ నెల్లూరు మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే నేటి తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని కావడం, మరుసటి ఏడాది గుంటూరులో హైకోర్టు ఏర్పడడం కూడా తెలిస్తే, కోరిక ఎక్కడ తీరిందో, ఎక్కడ మిగిలిపోయిందో వేరుచేసి చెప్పగలుగుతారు.

నినాదం పక్కన సంవత్సరం రాయడం మరచిపోవద్దు. 1972లో ‘జై ఆంధ్ర’ అన్నవారు ప్రత్యేక రాష్ట్రాన్ని కోరారు. 2013లో ‘జై సమైక్యాంధ్ర’ అన్నవారు రాష్ట్రం విడిపోరాదన్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ 1966లో కర్మాగారం కోసం, 2021లో అది ప్రైవేటుపరం కాకుండా ఉండడం కోసం వినిపించింది.

అన్నిటికన్నా కష్టమైనది ఎదుటివారి నినాదాన్ని వినడం. 2021లో అమరావతి రైతులు పాదయాత్రగా వచ్చింది మన తిరుపతికే. ‘జై అమరావతి’ అన్నవారిలో రాజధాని కోసం భూమి ఇచ్చిన రైతు ఆందోళన ఉంది, దాన్ని విన్న సీమ యువకుడిలో మళ్లీ అంతా ఒకేచోట పోగుపడుతుందన్న భయం ఉంది. నినదించినవారు తమ అర్థాన్ని ముందు చెప్పాలి, విన్నవారు తమకు ఎలా వినిపించిందో ఆ తరువాత చెప్పాలి. ఈ వరుస తప్పితే చర్చ తగవుగా మారుతుంది. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ను ఒక సంపాదకుడు తప్పుపట్టినప్పుడు భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ 1929 డిసెంబరులో లేఖ రాసి, నెత్తుటి పోరు ఎప్పటికీ సాగాలన్నది దాని అర్థం కాదని ఓపికగా వివరించారు. అప్పటికి భగత్ సింగ్ వయసు 22 ఏళ్లు.

చివరగా, మొదట రాసిన కాగితాలను పక్కపక్కన పెట్టి, ఎక్కువమందికి సమ్మతమైన వాక్యాన్ని ప్లకార్డు మీద నినాదం కిందనే చిన్న అక్షరాలతో రాయండి. ఏకాభిప్రాయం కుదరకపోతే రెండు ప్లకార్డులు రాయండి.