వానాకాలంలో మనవాళ్లు ఐసీయూలో ఉంటే: ఊపిరితిత్తుల ఫంగస్ జాగ్రత్తలు

విశాఖలో వానలు మొదలైతే గోడలు ఆరవు, బీరువాలో బట్టలకు కూడా బూజు పడుతుంది. ఈ రోజుల్లో మీవాళ్లెవరైనా కేజీహెచ్‌లోనో, ఆరిలోవ హెల్త్ సిటీలోనో ఐసీయూలో ఉంటే ఇది చదవండి.

ఆస్పర్‌జిల్లస్ అనే బూజు, అంటే ఒక రకం ఫంగస్, చెమ్మ గోడల్లో, కుళ్లే ఆకుల్లో, దుమ్ములో ఉంటుంది. దాని బీజాలు 2, 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి ఊపిరితో లోపలికి పోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సాధారణంగా ఏమీ కాదు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, కీమో జరుగుతున్నవాళ్లకు, తీవ్రమైన ఫ్లూ, కోవిడ్ వచ్చినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

స్టెరాయిడ్ల దగ్గరే మేం పొరబడ్డాం. మా పెద్దనాన్నగారు ఆయాసానికి ఊళ్లో ఇచ్చిన చిన్న బిళ్లలు ఏడాదిగా వేసుకుంటున్నారు. అడ్మిట్ చేసేటప్పుడు మందులేం వాడుతున్నారని అడిగితే బీపీ బిళ్లలే చెప్పాం. అవి స్టెరాయిడ్లని ఐదో రోజున తెలిసింది. మీరు అలా చేయకండి. ఇంట్లో ఉన్న బిళ్లల పట్టీలు, పొట్లాలు, పాత చీటీలు, మోకాళ్ల నొప్పులకు వాడిన పొడులతో సహా ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లని తెలిసినా మీ అంతట మీరు ఆపొద్దు, అదీ ప్రమాదమే. షుగర్, ఎప్పుడో తగ్గిన టీబీ కూడా చెప్పాల్సిందే.

యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి మూడు నాలుగు రోజులైనా జ్వరం తగ్గకపోయినా, కళ్లెలో రక్తం కనిపించినా, ఆక్సిజన్ మళ్లీ పెంచాల్సి వచ్చినా "ఫంగస్ కోసం చూశారా సార్?" అని అడగండి. మొహమాటపడే సమయం కాదది. ఛాతీకి సీటీ తీస్తారు, ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీటికి గెలాక్టోమానన్ అనే, ఫంగస్ ఆనవాలు పట్టే పరీక్ష చేస్తారు. కళ్లెలో ఫంగస్ ఉందన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, టెన్షన్ పడకండి. ఉందని తేలితే ఎక్కువగా వోరికొనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తారు. కనీసం 6 నుంచి 12 వారాలు పడుతుంది, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు తప్పవు. చాలా మందులతో దానికి పడదు, అందుకే ఆ సంచి మళ్లీ అవసరమవుతుంది.

పూలు, పూలకుండీలు లోపలికి తీసుకెళ్లొద్దు. వార్డు పక్కనే గోడలు పగలగొడుతుంటే సిస్టర్‌కి చెప్పండి. డిశ్చార్జి అయ్యాక చెమ్మ గదిలో పడుకోబెట్టకండి. తుఫాను తర్వాత పడిన కొమ్మలు, కుళ్లిన ఆకులు ఎత్తే పని పేషెంటు దగ్గర పెట్టుకోవద్దు. 2014లో హుద్‌హుద్ వెళ్లాక మన వీధుల నిండా అవే కదా.

ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. చేతులు కడుక్కుని వెళ్లి, సిస్టర్ సరేనంటే వాళ్ల చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోండి.