ఏళ్ళ తరబడి సాగే ఫాంటసీ క్యాంపెయిన్‌కు గేమ్ మాస్టర్ దగ్గర ఉండవలసినవి

ఫాంటసీ క్యాంపెయిన్‌ను, అంటే మిత్రులు తలో పాత్ర ధరించి పాచికలు వేస్తూ ఒకే అద్భుత కథను విడతలవారీగా ఆడే ఆటను, మొదలుపెట్టడానికి ఒక శనివారం సాయంత్రం చాలు కానీ, దాన్ని రెండు మూడేళ్ళ పాటు నడపాలంటే కథను నడిపించే గేమ్ మాస్టర్ దగ్గర కొన్ని సాధనాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. కొత్తగా ఈ బాధ్యత తీసుకున్నవారు సాధారణంగా ముందు ప్రపంచ పటం గీస్తారు, రాజవంశాల చరిత్ర రాస్తారు, దేవతల పేర్లు పెడతారు. ఆ పని ఆనందంగానే ఉంటుంది. అయితే ఆటగాళ్ళు పదో సెషన్‌లో (ఒక విడత ఆటను సెషన్ అంటారు) అడిగేది రాజవంశం గురించి కాదు, మూడో సెషన్‌లో తమను ఏరు దాటించిన పడవవాడి గురించి. అతని పేరు మీకు గుర్తుంటే ఆ లోకం నిజమనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు నోటు పుస్తకానికే ఇస్తున్నాను.

ముందుగా నియమాల సంగతి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తోనే ఇప్పటికీ ఎక్కువమంది ఈ రంగంలోకి అడుగుపెడుతున్నారు. దాని అయిదవ ఎడిషన్ మూల నియమాలను సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 పేరుతో 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఎవరైనా దాన్ని ఉచితంగా దించుకోవచ్చు. మూలాన్ని పేర్కొంటే చాలు, అందులోని భాగాలను తెలుగులోకి అనువదించి పంచుకోవడానికి కూడా ఆ లైసెన్సు అనుమతిస్తుంది. పోరాటంలో ఒక వంతులో ఏమేం చేయవచ్చో తెలుగులో ఒక్క పేజీ సారాంశం తయారుచేసి ప్రతి ఆటగాడి ముందూ పెట్టండి. మొదటి నాలుగు సెషన్లలో మీకు పడే శ్రమ సగం తగ్గుతుంది. ఆ ఉచిత రిఫరెన్స్ డాక్యుమెంట్‌లో ఒక్కో క్లాస్‌కు (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకానికి) ఒక్కటే సబ్‌క్లాస్ (ఉపరకం) ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి. 2019లో వచ్చిన, పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండవ ఎడిషన్ నియమాలైతే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైటులో ఉచితంగానే చదువుకోవచ్చు.

ఆట మొదలయ్యే ముందు సెషన్ జీరో, అంటే ఆడకుండా అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశం, తప్పనిసరిగా జరపాలి. కథలో ఏయే విషయాలు రాకూడదు, ఒకరు రాలేని రోజున వారి పాత్ర ఏమవుతుంది, ఎన్ని వారాలకొకసారి కలుస్తాము అన్నవి అక్కడే తేలాలి. హైదరాబాదులోనూ డాలస్‌లోనూ ఉన్న మిత్రులు కలిసి ఆడే జట్టు అయితే గడియారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది అంటే వేసవిలో మనకు ఆదివారం ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడ మార్చిలోనూ నవంబరులోనూ సమయం మారినప్పుడు ఎవరో ఒకరు గంట ముందో గంట తరువాతో వస్తారు.

ఇక నోటు పుస్తకం. సెషన్ ముగిసిన రాత్రే, నిద్రపోయే ముందు, పదిహేను నిమిషాలు కేటాయించి రాయండి, ఎందుకంటే మర్నాటికి సగం చెరిగిపోతుంది. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "11వ సెషన్. పడవవాడు బెరోల్‌కు 20 బంగారు నాణేలు బాకీ, వచ్చే పౌర్ణమికి ఇస్తామన్నారు. గుహలో ఒక గోబ్లిన్‌ను చంపకుండా వదిలేశారు, ఎడమ చెవి తెగి ఉంది. మంత్రగత్తె తలుపు మీద మూడు గీతలు, అర్థం ఇంకా నిర్ణయించలేదు." చేసిన వాగ్దానాలు, బతికి బయటపడిన శత్రువులు, జవాబు దొరకని ప్రశ్నలు అన్న ఈ మూడు రకాల వాక్యాలు పోగుపడితే తరువాతి కథ వాటిలోంచే పుడుతుంది. ఆ గోబ్లిన్ (కథల్లోని పొట్టి రాక్షసజాతి జీవి) ఇరవై ఆరో సెషన్‌లో సంతలో గొర్రెల కాపరిగా కనబడినప్పుడు, ఎవరూ అడగకముందే ఒక ఆటగాడు "ఎడమ చెవి ఉందా?" అన్నాడు. నేను ముందుగా రాసుకున్న ఏ చరిత్రా బల్ల దగ్గర అంతటి నిశ్శబ్దాన్ని తీసుకురాలేదు. కాగితమైనా సరే, ఫోనులో ఆబ్సిడియన్ వంటి యాప్ అయినా సరే, వెతికితే క్షణంలో దొరకాలన్నది ఒక్కటే షరతు.

ఆటగాళ్ళు చూడనప్పుడు కూడా లోకం కదులుతూ ఉండాలి. దీనికి బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆట ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చిన క్లాక్ పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది. ఒక వృత్తం గీసి ఆరు ముక్కలుగా విడదీసి, దాని కింద "జమీందారు ఏటికి అడ్డకట్ట పూర్తి చేస్తాడు" అని రాయండి. ఆటగాళ్ళు వేరే దారిన వెళ్ళిన ప్రతిసారీ ఒక ముక్క నింపండి. మూడో ముక్క నిండాక దిగువ ఊళ్ళో బావులు అడుగంటాయన్న కబురు వారి చెవిన పడాలి, ఆరూ నిండితే వలస మొదలవ్వాలి. ఇటువంటి వృత్తాలు ఒకేసారి మూడుకు మించితే వాటిని నడపడమే భారమవుతుంది.

పోరాటాల లెక్క విషయంలో కొత్తవారికి ఒక హెచ్చరిక. మొదటి లెవెల్‌లో, అంటే ఆరంభ స్థాయిలో, ఉన్న నలుగురి మీదకు నలుగురు గోబ్లిన్లను పంపారనుకోండి. ఒక్కో గోబ్లిన్‌కు 50 ఎక్స్‌పీ (శత్రువును ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) చొప్పున మొత్తం 200. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి పద్ధతిలో శత్రువులు మూడు నుంచి ఆరుగురు ఉంటే ఆ మొత్తాన్ని రెండుతో గుణించాలి కాబట్టి 400 అవుతుంది, అంటే ఆ జట్టుకు అది ప్రాణాంతకమైన పోరాటం. అదే ఆట 2024 నియమాల పుస్తకంలో ఆ గుణకాన్ని తీసేశారు, అందువల్ల అదే పోరాటం అందులో అతి తేలిక స్థాయిలోకి వస్తుంది. నా అనుభవంలో మొదటి లెవెల్ వారికి పాత లెక్కే క్షేమం, ఎందుకంటే రెండు బాణాలు సరిగ్గా తగిలితే ఆ స్థాయి మాంత్రికుడు నేలకొరుగుతాడు.

మిగతావి చిన్నవే. ఒక్కో ప్రాంతానికి ఇరవై పేర్ల జాబితా ముందే రాసుకుని, వాడిన పేరును కొట్టేస్తూ పోండి. దూరాన ఉన్నవారితో ఆడడానికి రోల్20 అనే సైటు ఉంది, పటం మాత్రమే కావాలంటే ఔల్‌బేర్ రోడియో సరిపోతుంది. ఇటువంటిదే మరో సాఫ్ట్‌వేర్ అయిన ఫౌండ్రీకి డబ్బు కట్టవలసినది గేమ్ మాస్టర్ ఒక్కరే, అదీ ఒక్కసారే.

ప్రతి సెషన్‌నూ గత సెషన్ కథతో మొదలుపెట్టండి, కానీ ఆ కథను మీరు చెప్పకుండా వంతులవారీగా ఆటగాళ్ళ చేత చెప్పించండి. వారు చెబుతూ ఉండగా మీ పుస్తకం తెరిచి, ఎవరి పేరు వారి నోట తానుగా వచ్చిందో ఆ పేరు కింద గీత గీయండి. ఆ రోజు ఆటలో ఆ మనిషి మళ్ళీ కనిపించాలి.