పాత నవల చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ‘మాలపల్లి’లో వాదాన్ని కథతో తూచి చూడడం

కిందటి పాఠంలో ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం చదివాం. మొగల్తూరు కుర్రాడు తన ప్రయాణం తానే చెప్పుకుపోతుంటే, అతను చెప్పే మాటకీ మనకు కనిపించే సంగతికీ మధ్య తేడా ఎక్కడుందో పట్టుకోవడం సాధన చేశాం. అది నవ్విస్తూ తనే లాక్కుపోయే పుస్తకం. ఈసారి చదవబోయే ‘మాలపల్లి’ అలా లాక్కుపోదు. చాలామంది మొదటి భాగం సగంలోనే మూసేస్తారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట: “ఉపన్యాసాలు ఎక్కువండీ.”

ఎక్కువే. కాదనను. ఒక మనిషి నోరు విప్పితే పేజీ తిరిగిపోతుంది, ఇంకొకరు జవాబు చెబితే మరో పేజీ. సినిమా వేగానికి అలవాటుపడ్డ మనకు అక్కడ కన్ను జారిపోతుంది. మూడు పేరాలు దాటేసి, మళ్లీ ఏదో జరిగే చోట దిగుతాం. అలా చదివితే మిగిలేది ఒక హత్య, ఒక దొంగల ముఠా, ఒక జైలు. పుస్తకం మాత్రం చేతికి చిక్కదు. దాటేసే ఆ పేజీలను ఎలా చదవాలన్నదే ఈ పాఠం.

ముందు కాస్త నేపథ్యం, అవసరమైనంత వరకే. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో సత్తెనపల్లి ప్రాంతంలోని వేములూరుపాడులో పుట్టారు. ఐర్లండు స్వాతంత్ర్యం కోసం రగులుతున్న రోజుల్లో డబ్లిన్ వెళ్లి బారిస్టరు చదివారు. వితంతు వివాహాలు జరిపించారు, గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. 1921లో పల్నాడు రైతులు అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి మీద తిరగబడ్డప్పుడు ఆయన అందులో దిగి జైలుకెళ్లారు. ఈ నవల జైల్లో రాసిందే. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో మళ్లీ రానిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టుకున్నాక 1936లో మరోసారి ఆపేశారు. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు.

ఇప్పుడు ఆలోచించండి. కథలో ఒక ఖూనీ ఉందనో, దోపిడీలు ఉన్నాయనో ఏ ప్రభుత్వమూ నవలను రెండుసార్లు ఆపదు. వాళ్లను భయపెట్టింది ఆ మాటలే. మనం విసుగొచ్చి దాటేస్తున్న పేజీలే. అందుకే అక్కడ నెమ్మదించమంటున్నాను.

నోటుబుక్కులో రెండు గళ్లు

ఒక పేజీని నిలువుగా రెండుగా విడదీయండి. ఎడమ గడిలో “ఎవరు, ఏమంటున్నారు”, కుడి గడిలో “ఆ తర్వాత ఏం జరిగింది” అని రాసుకోండి. ఉపన్యాసం వచ్చినప్పుడల్లా దాని సారాన్ని మీ సొంత మాటల్లో ఒక్క వాక్యంలో ఎడమ పక్క రాయండి. కుడి పక్క ఖాళీగా వదిలేయండి. పది ప్రకరణాల తర్వాతో, రెండో భాగంలోనో దాన్ని నింపాల్సి వస్తుంది.

ఈ పద్ధతి ‘మాలపల్లి’కి ఇంత బాగా ఎందుకు పనికొస్తుందంటే, వాదించుకునేవాళ్లు ఒకే ఇంటివాళ్లు. మంగళాపురం మాలపల్లిలో రామదాసు మాలదాసరి, భక్తుడు, వేదాంతం తెలిసినవాడు. భార్య మహాలక్ష్మి. పెద్దకొడుకు వెంకటదాసు, తర్వాతివాడు సంగదాసు, కూతురు జ్యోతి. ఊళ్లో పెద్ద రైతు చౌదరయ్య. ఆయన కొడుకు రామానాయుడికి సంగదాసు ప్రాణస్నేహితుడు. రామదాసు నమ్మకం ఓర్పు మీద, దేవుడి మీద. సంగదాసుకు మనుషుల్ని కూడగట్టడం మీద, న్యాయం నచ్చజెప్పడం మీద. వెంకటదాసుకు ఈ రెండూ చాలవు. ముగ్గురివీ మూడు దారులు, ముగ్గురూ ఒకరినొకరు ప్రేమించేవాళ్లే. ఈ నవలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఎదుటివాడు దుర్మార్గుడైతే వాదం తేలిక. తండ్రీ కొడుకులైతే ఒకరి మాట ఇంకొకరి గుండెకు తగులుతుంది.

మొదటి అభ్యాసంగా కూలి తగవు ఉన్న ప్రకరణాలు తీసుకోండి. కూలీల తరఫున సంగదాసు మాట్లాడతాడు. చౌదరయ్య కోపం పట్టలేక కొడతాడు. సంగదాసు చనిపోతాడు. కథ ముందే చెప్పేశానని నొచ్చుకోకండి. ఈ నవలకు ‘సంగవిజయం’ అని మరో పేరుంది. అంటే రచయితకు సంగదాసు చావును దాచి మనల్ని ఉలిక్కిపడేలా చెయ్యాలని లేదు. చనిపోయినవాడి పేరు పక్కన ‘విజయం’ ఎందుకు పెట్టాడన్నది మీరు పుస్తకం పొడుగునా మోసుకెళ్లాల్సిన ప్రశ్న. దాన్ని నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మీ గళ్లు చూడండి. సంగదాసు పేరుకు ఎదురుగా ఎడమ పక్క “నచ్చజెబితే మారతారు” అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. కుడి పక్క ఏం రాస్తారు? “చంపేశారు” అని రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. తన స్నేహితుణ్ణి తన తండ్రే పొట్టన పెట్టుకున్నాక రామానాయుడు ఏమయ్యాడో కూడా అదే గడిలోకి రావాలి. సంగదాసు పేరు మీద సంగపీఠం అనే సంస్థ లేచిన సంగతీ అక్కడికే రావాలి. మాట మోసుకెళ్లినవాడు పోయాడు, మాట ఇంకొకరి చేతికొచ్చింది. కుడి గడి ఇలా నిండుతున్నకొద్దీ, మొదట్లో బరువనిపించిన ఉపన్యాసం దగ్గరికి మీరే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతారు. అది జరిగితే ఈ పాఠం మీకు పట్టుబడినట్టే.

రామదాసు గడి కష్టమైంది. కొడుకు చచ్చిపోయినా ఓర్చుకోవాలనే తండ్రిని చూస్తే ఈ కాలం పాఠకుడికి కోపం వస్తుంది. రావాలి కూడా. ఆ కోపంతోనే ఎడమ పక్క ఆయన మాటను నిజాయితీగా రాయండి, వెటకారం చెయ్యకుండా. పక్కనే వెంకటదాసును పెట్టండి. అతను ఇల్లు విడిచి, తక్కెళ్ల జగ్గడుగా మారి, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. చదువుతుంటే మన మనసు అతని వైపే పోతుంది. అక్కడే ఆగి అడగండి: రచయిత అతన్ని చివరికి ఎక్కడికి తీసుకెళ్లాడు? ఎందుకు? అతని కోపాన్ని తప్పనలేదు, అతని దారిని గెలిపించనూ లేదు. గాంధీ ఉద్యమంలో జైలుకెళ్లిన మనిషి, రష్యా విప్లవం కబుర్లు చెవినపడుతున్న రోజుల్లో రాసిన పుస్తకమిది. ఆయనలోనే రెండు మాటలు పోట్లాడుకున్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీకు వేరేలా అనిపించవచ్చు, మీ గళ్లలో ఆధారం చూపించగలిగితే చాలు.

కూలి లెక్క తెలియాలి

పాత నవలల్లో కూలి, అప్పు, శిస్తు మాట వచ్చినప్పుడు అంకెల మీదుగా కన్ను పోనివ్వకండి. కొలతలు తెలియకపోతే తగవు తీవ్రత తెలియదు. కోస్తాలో వాడుకలో ఉన్న లెక్క ఇది: 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ప్రాంతాన్ని బట్టి కొలపాత్ర పరిమాణం మారేది. డబ్బయితే రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు.

గింజల కూలికీ డబ్బు కూలికీ తేడా ముఖ్యం. కల్లంలో గింజలు కొలిచి ఇస్తే, ధర ఎంత పెరిగినా కూలివాడి ఇంట్లో ఆ పూట తిండి తగ్గదు. అణాలు చేతిలో పెడితే, ధర పెరిగినప్పుడల్లా అతని కుంచం చిన్నదవుతుంది. పెరిగిన ధర లాభమంతా ధాన్యం ఉన్నవాడికే పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు మండిపోయిన కాలం అది. అప్పుడు కూలి ఎంత, ఏ రూపంలో అన్న ప్రశ్న పస్తుకీ తిండికీ మధ్య గీత. ఇది బుర్రలో పెట్టుకుని సంగదాసు మాటలు చదివితే, అందులో ఆదర్శాల కన్నా ముందు ఆకలి వినిపిస్తుంది.

పిలుపులు గమనించండి

సంభాషణ ఉన్న ఒక ప్రకరణం తీసుకుని, ఎవరు ఎవరిని ‘రా’ అంటున్నారు, ఎవరు ‘అయ్యా’, ‘బాబూ’ అంటున్నారు, ఎవరు పేరు పెట్టి పిలుస్తున్నారు, ఎవరు నిలబడి మాట్లాడుతున్నారు, ఎవరు కూర్చుని ఉన్నారు అన్నది పెన్సిల్‌తో అంచున రాయండి. ఈ నవలలో పాత్రలు గుంటూరు వాడుక మాటల్లో మాట్లాడతాయి కాబట్టి ఇది సాధ్యం. అందరూ ఒకేలా గ్రాంథికం మాట్లాడే పాత నవలలో ఈ తేడాలు అంతగా వినపడవు. పైకి చదవండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. గుంటూరు, పల్నాడు వైపు వాళ్లయితే మీకు తెలియని మాటలు వాళ్లే విప్పి చెబుతారు.

రామానాయుడు, సంగదాసు మాట్లాడుకునే చోట్లు ప్రత్యేకంగా చూడండి. స్నేహం సమానమే, ఊరు సమానం కాదు. ఆ ఒత్తిడి మాటల్లో ఎక్కడెక్కడ బయటపడుతుందో వెతకండి.

రామానాయుడి భార్య కమల, మోహనరావుల కథ దగ్గర కొందరికి పట్టు జారుతుంది. అది అసలు కథకు దూరంగా పోయినట్టుంటుంది. నాకూ అది ఈ పుస్తకంలో బలహీనమైన భాగమే. మొదటిసారి వేగంగా చదివినా నష్టం లేదు. జైలు ప్రకరణాలను మాత్రం వేగంగా చదవకండి. జైల్లో కూర్చుని రాసిన మనిషి జైలు గురించి రాసిన పేజీలవి.

ఇంకొక ప్రశ్న కూడా దాటేయకూడదు. అంటరానివాళ్లుగా ఊరి వెలుపల ఉంచిన కుటుంబాన్ని నవల మధ్యలో నిలబెట్టడం తెలుగులో అప్పటికి పెద్ద సాహసం. రాసింది మాత్రం ఆ పల్లెలో పుట్టినవాడు కాదు. రామదాసును అంత భక్తుడిగా, అంత మెత్తనివాడిగా తీర్చింది అగ్రవర్ణ పాఠకులు తలుపు తియ్యాలనా? ఆ ఇంటి పక్క ఇళ్లలో ఎవరున్నారు, వాళ్లకెంత చోటు దొరికింది? జవాబు తొందరగా చెప్పొద్దు. ఆ పేర్లు ఒక్కొక్కటీ రాసుకుంటూ వెళ్లండి.

వచ్చే పాఠానికి

పుస్తకం కొనేముందు లోపలి పేజీల్లో అది పూర్తి ప్రతా, సంక్షిప్తమా చూడండి. సంక్షిప్తాల్లో ముందుగా ఎగిరిపోయేవి ఈ ఉపన్యాసాలే కాబట్టి ఈ పాఠానికి అవి పనికిరావు. రోజుకు ఒక ప్రకరణం చాలు. గళ్లు ప్రతి ఆదివారం ఒకసారి తిరగేయండి.

‘మాలపల్లి’ పూర్తయ్యాక 1927 నాటి ‘మైదానం’ తీసుకోండి. చిన్న పుస్తకం, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. అక్కడ రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది, వాదించడానికి ఇల్లంతా ఉండదు. రెండు గళ్లూ అలాగే ఉంచి, ఎడమ పక్క ఆమె తన గురించి చెప్పుకునే మాట, కుడి పక్క ఆమె చేసే పని రాయండి. ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో గుర్తు పెట్టుకుని రండి, 4వ పాఠం అక్కణ్ణుంచి మొదలుపెడదాం.