పిట్స్‌బర్గ్–వాషింగ్టన్ గ్రావెల్ దారి: సైకిల్ ఎక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వాషింగ్టన్ నుంచి పిట్స్‌బర్గ్ వరకు దాదాపు అంతటా మోటారు వాహనాల జోలి లేకుండా సైకిల్ మీద వెళ్ళగలిగే దారి ఒకటి ఉంది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా పొటోమాక్ నదిని అంటిపెట్టుకుని సాగే సి అండ్ ఓ (చెసాపీక్ అండ్ ఒహాయో) కాలువ గట్టు 184.5 మైళ్ళు, అక్కడి నుంచి పాత రైలుకట్టల మీదుగా వేసిన గ్రేట్ అలెగేనీ పాసేజ్ 150 మైళ్ళు, రెండూ కలిపితే సుమారు 540 కిలోమీటర్లు. వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన మన తెలుగువారు మే నెలాఖరు సెలవులు దగ్గర పడేసరికి ఈ దారి గురించి వాకబు చేస్తుంటారు. కార్లు లేవు కదా, ఇంక భయమేముంది అన్న మాట వారి నోట తరచుగా వింటాను. ఎదురొచ్చే బండి లేదన్నది ఎంత నిజమో, ఆపదలో ఎక్కించుకుని తీసుకువెళ్ళే బండి కూడా చెంత లేదన్నది అంతే నిజం. కాబట్టి ఇక్కడ తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ సాయం అందడానికి ఆలస్యమవుతుందన్న లెక్కతోనే మొదలుకావాలి.

ముందుగా నేల సంగతి. రైలుకట్ట మీది దారికి నలగగొట్టిన సున్నపురాయిని పరిచి అణచడం వల్ల వాన వెలిసిన కొద్ది గంటలకే అది మళ్ళీ గట్టిపడుతుంది. కాలువ గట్టు అలా కాదు. 1828లో తవ్వకం మొదలై 1850కి కంబర్లాండ్ చేరిన ఆ కాలువలో 1924 దాకా పడవలు తిరిగాయి. గోదావరి డెల్టాలో మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవలను లాగినట్టే, ఇక్కడ కంచరగాడిదలు లాగేవి. ఆ గాడిదల బాటే నేటి సైకిల్ బాట. కొన్ని భాగాల్లో కొత్తగా రాతిపొడి పరిచారు గానీ, చాలాచోట్ల అది ఇప్పటికీ చెట్ల వేళ్ళు పైకి తేలిన బంకమట్టి నేలే. రెండు రోజులు ముసురు పట్టిందంటే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ముద్దగా పేరుకుని సైకిల్ కదలదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాలుగు గంటల్లో చేరుకుంటామనుకున్న ఊరికి చేరడానికి మాకు ఎనిమిది గంటలు పట్టింది, అదీ చివరి రెండు మైళ్ళూ నడిచి. అందుచేత కనీసం 38 మిల్లీమీటర్ల వెడల్పున్న గళ్ళ టైరు వేసుకోవాలి, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండేట్టు చూసుకోవాలి, వాన పడిన మరునాటి ప్రయాణాన్ని మామూలు లెక్కలో సగానికి తగ్గించుకోవాలి. బిగ్ పూల్ నుంచి లిటిల్ ఓర్లీన్స్ వరకు కాలువకు పక్కనే సుమారు 28 మైళ్ళు తారు వేసిన వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రైల్ ఉంది. బురద రోజుల్లో మొండిగా గట్టునే పట్టుకుని వెళ్ళడం కంటే దాని మీదికి మారడం మేలు.

నీళ్ళ విషయంలో ఎక్కువమంది పొరబడతారు. పక్కనే నది, కాలువ కనిపిస్తున్నా వాటిలో తాగదగిన నీరు లేదు. కాలువ గట్టున కొన్ని మైళ్ళకొకటి చొప్పున ఉచిత విడిది స్థలాలున్నాయి, వాటిలో చాలావాటికి చేతిపంపులున్నాయి, ఆ నీటిలో అయోడిన్ కలుపుతారు. అయితే నవంబరు నడుమ నుంచి ఏప్రిల్ నడుమ వరకు ఆ పంపులను మూసివేస్తారు, మిగతా నెలల్లోనూ నీటి పరీక్షలో తేడా వస్తే పంపు పిడిని తీసేస్తారు. అయోడిన్ పడనివారు, థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుణ్ణి అడిగి, ఊళ్ళలో దొరికే నీటినే నింపుకోవడం మంచిది. వడపోత గొట్టం క్రిములను ఆపుతుందే తప్ప పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువులను, మందులను ఆపలేదు. హ్యాన్‌కాక్ దాటాక కంబర్లాండ్ వరకు ఉన్న 60 మైళ్ళలో దుకాణాలు చాలా అరుదు, ఉన్నవి కూడా వేళకు తెరిచి ఉంటాయన్న భరోసా లేదు. శాకాహారులకు ఇది మరింత కష్టమైన భాగం గనుక ఆ రోజుకు సరిపడా తిండి హ్యాన్‌కాక్‌లోనే సర్దుకోవాలి. పులిహోర మొదటి పూటకు బాగుంటుంది, ఎండలో రెండో పూట దాకా ఉంచడం వద్దు. వేరుసెనగ చిక్కీ, ఖర్జూరం, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎంత ఎండకైనా చెడవు.

ఈ దారిలో రెండు పెద్ద సొరంగాలున్నాయి, రెండింటికీ వేర్వేరు ఏర్పాటు కావాలి. కాలువ మీది పాపా సొరంగం 3,118 అడుగుల పొడవు, లోపల దీపాలు లేవు, నడిచే గట్టు సన్నం, ఎగుడుదిగుడు, ఒక పక్క రెయిలింగు, దాని కింద నీరు. అందులో సైకిల్ దిగి నడవడమే నియమం. ఫోను వెలుగును నమ్ముకోకుండా తలకు కట్టుకునే దీపం మనిషికొకటి ఉండాలి, ఎదురుగా నడిచి వచ్చేవారికి దారి ఇవ్వాలి, పిల్లలను గోడవైపు నడిపించాలి. రెండవది బిగ్ శావేజ్ సొరంగం, 3,294 అడుగులు. దీపాలున్నాయి, కానీ చలికాలమంతా తలుపులు మూసి ఉంచి ఏప్రిల్ తొలి వారాల్లో గానీ తెరవరు. దాన్ని తప్పించుకుని వెళ్ళడానికి సులువైన, క్షేమమైన పక్కదారి లేదు. మార్చిలో ఎండ బాగా కాసిందని తొందరపడి బయలుదేరినవారు కొండ మీదిదాకా వెళ్ళి మూసిన తలుపు చూసి వెనుదిరగవలసి వస్తుంది. వెళ్ళే వారంలో రెండు సొరంగాలూ తెరిచి ఉన్నాయో లేదో సరిచూసుకున్న తరువాతే సెలవు పెట్టండి. తిరుగు ప్రయాణానికి సైకిల్‌తో రైలెక్కాలనుకుంటే అటొకటి, ఇటొకటి తప్ప రోజుకు బండ్లు లేవు, సైకిల్ చోటును ముందే రిజర్వు చేసుకోవాలి.

కంబర్లాండ్ నుంచి పడమరకు 24 మైళ్ళలో 1,700 అడుగులకు పైగా ఎక్కాలి. ఒకప్పుడు రైళ్ళు ఎక్కిన కట్ట గనుక వాలు ఎక్కడా నిటారుగా ఉండదు, ఓపిక ఉంటే చాలు. నా ఆందోళన ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి. వాననీరు తూర్పుకూ పడమరకూ విడిపోయే గీత, 2,392 అడుగుల ఎత్తున్న ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ దగ్గర మొదలైన పల్లం కంబర్లాండ్ దాకా వదలదు, గ్రావెల్ మీద ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టుకుంటే చక్రం పక్కకు జారి మనిషి ముంజేతుల మీద పడతాడు. బ్రేకు కట్టెలు అరిగి ఉంటే ఇంటి దగ్గరే మార్పించండి. కాలువ గట్టు మీద గంటకు 15 మైళ్ళు దాటకూడదన్న నియమం ఉంది, సైకిల్‌కు బెల్లు తప్పనిసరి, నడిచేవారికీ గుర్రాలకూ మనమే దారి ఇవ్వాలి; ఆ వేగాన్ని పల్లంలోనూ పాటించడం మంచిది.

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులనూ పిల్లలనూ వెంటపెట్టుకుని కాలువ గట్టున ఉన్న గ్రేట్ ఫాల్స్ జలపాతాల వరకు మాత్రమే వెళ్ళేవారికి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అక్కడ పొటోమాక్ పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా అడుగున సుడులు తిరుగుతుంటుంది. కాళ్ళు కడుక్కోవడానికి కూడా దిగవద్దు, ఫొటో కోసం తడిరాళ్ళ మీదికి వెళ్ళవద్దు. మన ఊళ్ళలో పుష్కరఘాట్లో మునిగిన అలవాటు ఇక్కడ పనికిరాదు; ఆ ప్రాంతంలో నీటిలో దిగడం నిషిద్ధం, ప్రాణాంతకం. పైన కొండల్లో కుండపోత కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. బిగ్ స్లాక్‌వాటర్ వంటి చోట్ల దారి నీటిని ఆనుకునే ఉంటుంది కనుక వరద హెచ్చరిక ఉన్న వారంలో ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

చాలా మైళ్ళు ఫోనులో సిగ్నల్ ఉండదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళకు అన్న వివరం ఇంట్లో ఒకరి దగ్గర కాగితం మీద ఉండాలి. 911కు ఫోను చేసినప్పుడు దారి పేరు, మైలురాయి అంకె రెండూ చెప్పండి. కాలువ గట్టున మైళ్ళు జార్జ్‌టౌన్ దగ్గర సున్నాతో మొదలై కంబర్లాండ్‌కు 184.5 అవుతాయి, అలెగేనీ దారిలో మళ్ళీ కంబర్లాండ్ దగ్గర సున్నాతో మొదలై పిట్స్‌బర్గ్‌కు 150 అవుతాయి; ఉత్త అంకె మాత్రమే చెబితే అంబులెన్సు వేరే జిల్లాకు వెళ్ళవచ్చు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుము వినిపించిన వెంటనే ఎత్తైన వంతెన మీది నుంచి, ఒంటరి చెట్టు కింది నుంచి తప్పుకోవాలి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. నవంబరు చివరన జింకల వేట కాలం గనుక అప్పుడు వెళ్ళేవారు మెరిసే నారింజరంగు చొక్కా తొడుక్కోవాలి.

ఇక పురుగూ పుట్రా. కాపర్‌హెడ్, ర్యాటిల్ పాములు ఎండకు రాళ్ళ మీదికి వస్తాయి, వాటి మానాన వాటిని వదిలేస్తే అవీ మన జోలికి రావు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. సైకిల్‌ను పొదకు ఆనించే ముందు ఆకులు చూడండి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా జాగ్రత్తపడేది పిడుదుల విషయంలో. గసగస గింజంత ఉండే పిల్ల పిడుదు లైమ్ జ్వరాన్ని అంటించగలదు. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన మేజోళ్ళు వేసుకుని, గడ్డిలో కూర్చోకుండా, ప్రతి సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాలి వెనుక, చంకలో, నడుము పట్టీ కింద, చెవుల వెనుక, పిల్లల తలలో వెతకాలి. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగాలి; ఊళ్ళో పశువులకు చేసినట్టు కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. అది కరచుకున్న తొలి ఒక రోజులోపే తీసేస్తే జబ్బు సోకే అవకాశం చాలా తక్కువ. ఇంటికి వచ్చాక నెల రోజుల్లోగా జ్వరం గానీ, వలయంలా విస్తరించే ఎర్రని మచ్చ గానీ కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వైద్యుని దగ్గరికి వెళ్ళి, ఏ తేదీల్లో ఏ దారిలో సైకిల్ తొక్కారో అడగకముందే చెప్పండి.