బోరు నీళ్లతో మొరాయించిన కూలర్

నల్గొండలో మేం అద్దెకుండేది పైపోర్షన్. ఏప్రిల్ వచ్చేసరికి కూలర్ వేడిగాలే కొడుతోంది. మెకానిక్ పంపు మార్చాలన్నాడు. నేను ముందు పక్క డోర్ ఊడదీసి చూశా. పై గొట్టం రంధ్రాలన్నీ తెల్లటి పెచ్చుతో పూడుకుపోయాయి. ఒక మూల తప్ప కూలర్ గడ్డి అంతా పొడిగా ఉంది. గడ్డి తడవకపోతే చల్లదనం ఎక్కణ్నుంచి వస్తుంది?

మా వైపు బోరు నీళ్లలో లవణాలెక్కువ. కూలర్‌లో నీరు ఆవిరైపోయి ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. పాత నీళ్లు తీయకుండా రోజూ పైన పోస్తుంటే అది ఇంకా పేరుకుంటుంది.

ప్లగ్గు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మఉప్పు కలిపి గొట్టాన్ని నానబెట్టా. సన్నటి బుడగలొచ్చి పెచ్చు మెత్తబడింది. రంధ్రాల్ని పిన్నీసుతో పొడిచా. గడ్డి మాత్రం రాయిలా గట్టిపడింది, కొత్తదే వేయాలి. ఇంటి ఓనరమ్మకు చూపిస్తే, "నువ్వు తెచ్చెయ్యి బాబూ, అద్దెలో పట్టుకో" అన్నారు.

ఇప్పుడు వారానికోసారి తొట్టి ఖాళీ చేసి గోడలు కూడా తోముతున్నా. డెంగీ దోమ గుడ్లు అక్కడే అంటుకుంటాయి. కూలర్ నడిచేటప్పుడు ఎదురు కిటికీ తెరిచే ఉంచాలి, లేకపోతే తేమ బయటికి పోక గదంతా ఒకటే ఉక్క. పంపు మాత్రం పాతదే, బాగానే తిరుగుతోంది.