గిరిజన ఆచార న్యాయంలో లా ప్రొఫెసర్ అవ్వాలంటే

శ్రీకాకుళంలో ఎల్‌ఎల్‌బీ చదివినవాళ్లు ఎక్కువగా కోర్టు వైపే చూస్తారు గానీ, పాఠం చెప్పాలనుంటే ఎల్‌ఎల్‌ఎంలో రాజ్యాంగ చట్టం తీసుకుని, 55 శాతం తెచ్చుకుని, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) కొట్టండి. పీహెచ్‌డీకి అంశం మన పక్కనే ఉంది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మరి సవర తెగవాళ్ల ఇంట్లో తండ్రి పోతే జీడితోట ఎవరిది? అక్కడ ఆచారమే చట్టం.

గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం, అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పిన 1997 సమత తీర్పు చదివాకే, సవరలుండే సీతంపేట కొండలెక్కండి. "మీ ఆచారం ఏమిటి" అంటే ఎవరూ ఏం చెప్పరు. ఫలానా తగువు ఎలా తీరింది, తప్పు (జరిమానా) ఎంత వేశారు, ఎవరు ఒప్పుకోలేదు అని అడగండి. ఆడవాళ్లను విడిగా అడగండి, పెద్దమనుషుల మాటొక్కటే రాసుకొస్తే సగం థీసిసే. కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీ 2018 నుంచి ఆదివాసీ న్యాయానికి డిగ్రీయే ఇస్తోంది, ఆ సిలబస్ కూడా చూడండి.